మొఘల్‌పురా నుంచి ఇంగ్లండు బడికి ఒక దరఖాస్తు

పోయిన నెల మా ఎదురు ఫ్లాటువాళ్ల అమ్మాయీ అల్లుడూ దుబాయి నుంచి వచ్చారు. తమ పదేళ్ల కూతురిని ఇంగ్లండులో ఒక పేరున్న హాస్టలు బడిలో చేర్చే ప్రయత్నంలో ఉన్నామనీ, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ అనీ చెప్పి, ఆ పిల్ల పేరు మీద ఎవరో కన్సల్టెన్సీవాళ్లు తయారు చేసి ఇచ్చిన రెండు పేజీల వ్యాసాన్ని నా చేతిలో పెట్టి, ఇన్నేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పారు కదా ఆంటీ, తప్పులేమైనా ఉంటే చూసిపెట్టండి అన్నారు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు లేదు. కామా కూడా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆ పిల్ల మాత్రం అందులో ఎక్కడా లేదు. నేను చదువుతున్నంతసేపూ ఆ పిల్ల మా బాల్కనీలో నిలబడి, కింద కొబ్బరిబోండాలవాడు కత్తి తిప్పే తీరు చూస్తూ తనలో తాను ఏదో చెప్పుకుంటూనే ఉంది. బాగానే ఉందమ్మా అని కాగితాలు ఇచ్చేశానేగాని, ఆ సాయంత్రం నా మనసు మలక్‌పేటలో నిలవలేదు. యాభై ఏళ్ల వెనక్కి నడిచి, మొఘల్‌పురాలో ఒక దర్జీ దుకాణం మీది టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వెళ్లి కూర్చుంది.

అప్పట్లో మేము గౌలిపురలో ఉండేవాళ్లం. మా గల్లీలో మనుషులకంటే బర్రెలకే తోవ ముందు దొరికేది; పొద్దున్నే పాల క్యాన్ల చప్పుడుకు లేవడమేగాని మా ఇంట్లో గడియారంతో పనిపడేది కాదు. మా బాపు బస్సు డిపోలో మెకానిక్కు. నలుగురు పిల్లల్లో పెద్దదాన్ని నేను; బి.ఏ. అయిపోయి, టైపు లోయరూ హయ్యరూ ప్యాసై, ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ, నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే చిన్న జీతానికి కుదిరాను. మన ఈడువాళ్లకు ఆ చోట్లు గుర్తుండే ఉంటాయి: ఆరు పాత మిషన్లు, వరుసగా కూర్చుని ఒకే మాటను వందసార్లు కొట్టే పిల్లలు, సిరా రిబ్బన్ల వాసన. మా సారు ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని ఆయనకొక నమ్మకం. అందుకని బయటివాళ్లు తెచ్చే అర్జీలు, దరఖాస్తులు నాకే ఇచ్చేవారు. కువైట్‌కూ సౌదీకీ జనం వెళ్లడం అప్పుడప్పుడే జోరందుకుంటున్న రోజులవి.

అలాంటి ఒక మధ్యాహ్నం నల్ల బురఖాలో ఒక పెద్దావిడ, పదకొండేళ్ల మనవరాలి భుజం పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ పైకి వచ్చింది. కళ్లకు పొరలు కమ్మి ఆమెకు మనిషి రూపురేఖలు మాత్రమే తెలిసేవి. పిల్ల చేతిలో విదేశీ బిళ్లలంటించిన పెద్ద కవరు ఉంది. వీధిలో అందరూ ఆమెను దాదీమా అనేవారు, నేనూ అలాగే అన్నాను. పుట్టిల్లు పాలమూరు దిక్కు కావడంతో ఆమె తెలుగు నా తెలుగుకంటే చిక్కగా ఉండేది. మధ్యలో దక్కనీ మాటలు దొర్లేవి.

ఆమె కొడుకు కువైట్‌లో ఒక చమురు కంపెనీలో ఇంజనీరు. భార్య, చిన్న కొడుకు అక్కడే అతని దగ్గర ఉండేవారు. ఈ పిల్ల నాలుగేళ్లప్పుడు, తల్లికి రెండో కాన్పు కష్టమైతే, ఒక్క ఏడాది ఉంచుకొమ్మని నానమ్మ దగ్గర వదిలారట. ఆ ఏడాది ఏడేళ్లయింది. కొడుకు కంపెనీలోని ఇంగ్లీషువాళ్లు తమ పిల్లల్ని వాళ్ల దేశంలోని హాస్టలు బడులకు పంపేవారు. పెద్ద ఉద్యోగుల పిల్లల చదువు ఖర్చు కంపెనీయే చూసుకుంటుందని తెలిశాక అతనికి తన కూతుర్ని కూడా అలా చదివించాలనే పట్టుదల పుట్టింది. బడి పుస్తకం, ఫారాలు తెప్పించి నేరుగా తల్లికి పంపాడు. పిల్ల చదివేది సిస్టర్ల బడిలోనే అయినా ఆ ఫారాల ఇంగ్లీషు ఆమెకు అందలేదు. అలా ఆ కవరు నా మేజా మీదికి వచ్చింది.

బడి పుస్తకంలోని ప్రతి పేజీ దాదీమాకు తెలుగులో చెప్పడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. పచ్చిక మైదానం, రాతి గోడలు, ఒకే గదిలో ఎనిమిది మంచాలు. ఫారంలో పిల్లకు గుర్రపు స్వారీ వచ్చా అని ఒక గడి ఉంటే, ఆమె కాసేపు ఆలోచించి, మలక్‌పేట రేసుల గుర్రాలు పొద్దున నడకకు పోతుంటే రిక్షాల కూసోని చూసిందని రాయి బేటీ అంది. నేను లేదు అని రాశాను. వెంట తెచ్చుకోవలసిన బట్టల జాబితాలో, ప్రతి గుడ్డ మీదా పిల్ల పేరు కుట్టి ఉండాలి అని ఉన్నచోట ఆమె నన్ను ఆపి, ఆ మాట మళ్లీ చదివించుకుంది. ఆమెకు ఇది ఇష్టమో కాదో నాకు అంతు చిక్కలేదు. కొడుకు అడిగాడు, చేస్తోంది అనుకున్నాను.

దరఖాస్తుతోపాటు పిల్ల స్వయంగా తన ఇంటి గురించి ఒక వ్యాసం రాసి పంపాలన్నారు. ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. పిల్ల రాసి తెచ్చిన కాగితం చూశాను. మాటలు అటూ ఇటూ ఉన్నాయి, ఒకచోట నానమ్మ దగ్గు గురించి, ఇంకోచోట నల్లా నీళ్ల గురించి, మధ్యలో కొట్టివేతలు. ఇలాంటిది పంపితే సీటెక్కడ వస్తుందనిపించింది. నేనే కూర్చుని కొత్తగా రాశాను. ముత్యాల నగరం, నాలుగు మినార్ల నీడ, మతసామరస్యం, పెద్దల ఆశీర్వాదం, ఇలా నాకు తెలిసిన గొప్ప మాటలన్నీ అందులో వేసి, పిల్లతో అందంగా ఎత్తి రాయించి పంపించాను. నన్ను బాజీ, అంటే అక్కా, అని పిలిచే పిల్ల ఒకే ఒకసారి అడిగింది, బాజీ, ఇది మా ఇల్లేనా అని. అవును, ఇంగ్లీషులో ఇట్లనే ఉంటది అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ వ్యాసం చూసుకుని నేను వారం రోజులు మురిసిపోయాను.

నెలన్నర తర్వాత జవాబు వచ్చింది. ఉత్తరాలన్నీ ఇన్‌స్టిట్యూట్ చిరునామాకే రమ్మన్నాం కాబట్టి మొదట నేనే విప్పాను. ఆ బడి పెద్ద టీచరమ్మ చాలా మర్యాదగా రాసింది. వ్యాసం చక్కగా ఉందట. కాని దాన్ని రాసిన మనిషి వయసు పదకొండు కాదని తమకు తోస్తోందట. తమకు ఆ మనిషితో పని లేదనీ, పిల్ల ఎలాంటిదో తెలుసుకోవాలని ఉందనీ, అందుకని ఆమె చదివే బడి ప్రిన్సిపాలు ఎదుట, ఎవరి సాయమూ లేకుండా మళ్లీ రాయించి పంపమనీ అడిగింది. ఆ నాలుగు వరుసలు చదివేసరికి నా చెవులు వేడెక్కాయి. పక్కనున్న సారు ఏమొచ్చిందమ్మా అంటే ఏం లేదు సార్ అని సంచీలో దాచేశాను.

రెండు రోజులు ఆ ఉత్తరం నా సంచీలోనే ఉంది. ఆ వ్యాసం అసలు అందలేదట, మళ్లీ రాయించమన్నారట అని చెప్పేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నేను అన్నం సరిగా తినకపోవడం చూసి మా బాపు ఏంది బిడ్డా అని అడిగాడు. పనిలో ఒక తప్పు పోయిందన్నాను. ఆయన చేతులకంటిన గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుంటూ, "తప్పు కొట్టినవా, తప్పు చేసినవా? కొట్టిందైతే మల్ల కొడితే అయిపాయె. చేసిందైతే పోయి చెప్పొస్తెనే పోతది" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను.

దాదీమా వసారాలో తఖ్తు అనే వెడల్పాటి చెక్కబల్ల మీద కూర్చుని చేతి ఆనవాలుతోనే పోకచెక్కలు కత్తిరిస్తోంది. ఉత్తరం మొత్తం, ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను. కత్తెర ఆగింది.

"అంటే, అది పిల్ల రాయలే అని గా మేమ్‌సాబ్‌కు ఎర్కైందా?" అని అడిగింది.

"ఎర్కైంది దాదీమా. తప్పు నాది. పిల్లది గాదు. నేనే రాసిచ్చిన."

నేను తిట్లు పడడానికి సిద్ధపడే ఉన్నాను.

"మంచిదే గద బేటీ," అంది ఆమె. "గంత దూరంల కూసోని, ఇది పిల్ల రాసిందా పెద్దోళ్లు రాసిన్రా అని కాయిదం మీదనే గుర్తువట్టిన్రు. గసొంటోళ్లు పిల్లకు దిల్ బాగలేకపోతే గుడ గుర్తువడ్తరు. గిన్ని దినాల సంది నాకు గదొక్కటే ఫికర్."

నేను తలవంచుకునే ఉంటే, చెయ్యి చాపి వెతికి నా మణికట్టు పట్టుకుని, పోకచెక్కలు నా అరచేతిలో పోసింది. ఆమె నన్ను మన్నించిందని అలా అర్థమైంది.

ఆ వారమే సిస్టర్ల బడిలో, ప్రిన్సిపాలమ్మ గదిలో పిల్ల కూర్చుని రాసింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. గంట తర్వాత వేళ్ల నిండా సిరాతో బయటికి వచ్చింది. ఏం రాశావని అడిగితే, మా ఇంటి గురించి అని మాత్రం చెప్పింది. ఇంకేమీ అడగకూడదని నాకు ఆసరికి బుద్ధి వచ్చింది.

తర్వాత చాలాకాలం ఏ కబురూ లేదు. ఆ నెలల్లో ఇంకో వింత గమనించాను. దాదీమా పిల్లతో కొంచెం కఠినంగా ఉంటోందనిపించేది. ఎప్పుడూ తానే జడలు వేసే మనిషి, నా కండ్లు కనవడ్తలేవు నువ్వే ఏస్కో అని అద్దం ఇచ్చేసింది. సూదిలో దారం ఎక్కించడం, గుడ్డ మీద పేరు కుట్టడం నేర్పి, వంకరపోతే విప్పించి మళ్లీ కుట్టించేది. తన పక్కలో పడుకునే పిల్లకు వేరే మంచం వేయించింది. ముసలితనంలో విసుగు కాబోలు అనుకున్నాను. పిల్ల కూడా అలాగే అనుకుని ఒకసారి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

చలికాలం వెళ్లిపోయే రోజుల్లో జవాబు వచ్చింది. పిల్లను చూడకుండా సీటు ఇవ్వరట. అంత దూరం రమ్మనడం కష్టం కాబట్టి, తమ బడిలో చదివి ఇప్పుడు బొల్లారం దిక్కున ఉంటున్న ఒక పెద్దావిడ ఇంటికే వచ్చి మాట్లాడుతుందట. మేమ్‌సాబ్ వస్తోందని వీధంతా తెలిసింది. దాదీమా గోడలకు సున్నం వేయించింది, ఎండు ఖుబానీ పండ్లతో చేసే తీపి, ఖుబానీ కా మీఠా, తానే దగ్గరుండి వండించింది. తర్జుమాకు నన్ను కూర్చోమంది.

శనివారం పొద్దున వచ్చిందామె. అరవై అయిదేళ్లుంటాయి; నూలు గౌను, చేతిలో గొడుగు, భుజాన గుడ్డసంచీ. గడప దగ్గరే చెప్పులు విడిచి, అలవాటున్న మనిషిలా తఖ్తు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అరగంటసేపు పిల్లతో ఇంగ్లీషులో మాట్లాడింది. ఒక పేజీ చదివించింది, రెండు లెక్కలు అడిగింది. చివరికి, ఈ ఇంట్లోంచి ఒకే ఒక్క వస్తువు తెచ్చుకోమంటే ఏం తెచ్చుకుంటావని అడిగింది. మా పిల్ల కురాన్ అనో, నానమ్మ ఫోటో అనో అంటుందని నేను కాసుకుని ఉన్నాను. అద్దం అంది. జడ వేసుకోవడం ఇప్పుడిప్పుడే వచ్చింది, చూసుకోకుండా ఇంకా రాదు అంది. ఆ పెద్దావిడ నవ్వలేదు, తల ఊపింది.

తర్వాత నా వైపు తిరిగి, నానమ్మగారికి అడగవలసినవేమైనా ఉన్నాయా అంది. అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. అన్నం ఏం పెడతారు, నమాజుకు చోటుంటుందా, జ్వరమొస్తే పక్కన ఎవరు కూర్చుంటారు, ఆదివారాలు ఎవరితో మాట్లాడుతుంది, దాదీమా ఒక్కొక్కటే అడుగుతుంటే నేను ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ పోయాను. ఆ తర్వాత ఆమె గొంతు సవరించుకుని అంది:

"గా దేశంల తల్లులు గింతంత పిల్లలను ఎట్ల పంపుతరు? వాళ్లకు కడుపుతీపి ఉండదా? గిట్లనే అడుగు బేటీ. మాట మార్చకు."

సీటు చేతికందే సమయం. కొంచెం మెత్తగా, అక్కడి తల్లులకు బెంగ ఉండదా అని మార్చి అడగవచ్చు. కాని ఒకసారి మార్చి రాసి పడిన సిగ్గు ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె అడిగింది అడిగినట్టే ఇంగ్లీషులో చెప్పేశాను.

ఆ పెద్దావిడ నన్ను దాటి దాదీమా వైపు జరిగి, నిదానంగా, తెలుగులో మొదలుపెట్టింది. మెదక్ దిక్కు తెలుగు.

"నేను పుట్టింది ఈడనే అమ్మా. మా నాయిన మిషన్ దవాఖాన్ల డాక్టరు. నాకు ఏడేండ్లప్పుడు ఓడ ఎక్కించిన్రు. నాలుగేండ్లు మా అమ్మను చూడలే. మల్ల ఆమె వచ్చిననాడు రైలుటేషన్ల నేను ఆమెను గుర్తువట్టిన. ఆమె నన్ను గుర్తువట్టలే."

పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమె ఇంకా చెప్పింది.

"కడుపుతీపి ఉంటది. అందరు గట్లనే పంపుతున్నరని పంపిన్రు. ఇప్పుడు విమానాలున్నయి, ఏటేట సెలవులకు వస్తది, నా తీరు గాదు. జ్వరమొస్తే నర్సు వస్తది, మందిస్తది. మీ తీరు పక్కన కూసోదు. నేను మీకు అబద్ధం చెప్ప."

దాదీమా చెయ్యి గాలిలో తడుముకుంటూ వెళ్లి ఆమె చేతిమీద ఆగింది. "కండ్ల నిండ నీళ్లుంటే ఎవ్వలను గుర్తువడ్తరమ్మా," అంది. "మీ అమ్మకు గప్పుడు ఏం కనవడి ఉండదు. నాకు ఎర్కే గద, కనవడకపోతే ఎట్లుంటదో."

ఆ మేమ్‌సాబ్ గొడుగు పిడి పట్టుకుని తల దించుకుంది. యాభై ఏళ్లకు పైగా ఆ మాట ఎవరో చెప్పాలని ఎదురుచూసినట్టు కనిపించింది నాకు. తర్వాత ఖుబానీ కా మీఠా రెండు గిన్నెలు తింది.

వెళ్లేటప్పుడు గల్లీ మొగదాకా నేను తోడు వెళ్లాను. మొదటి వ్యాసం నీదేనా అని ఇంగ్లీషులో అడిగింది. నాదే అన్నాను. భాష బాగుంది, ఈ పొద్దు నువ్వు చేసిన తర్జుమా అంతకంటే బాగుంది, నువ్వు టీచరు కావాలి, కాని పిల్లల కలం మాత్రం ఎప్పుడూ లాక్కోకు అంది. బడివాళ్లు తనకు పంపిన రెండో వ్యాసం గురించి కూడా ఆమే చెప్పింది. కువైట్ నుంచి తండ్రి ఉర్దూలో రాసే ఉత్తరాలు చాలా చిన్నవట. నానమ్మకు కళ్లు కనిపించవు కాబట్టి పిల్లే చదివి వినిపిస్తుందట. చివర, అమ్మీ, నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది, మందు రాసుకుంటున్నవా అని, ఉత్తరంలో లేని రెండు మాటలు తనే కలిపి చదువుతుందట. తగ్గిందని రాయమంటుంది నానమ్మ, నాన్న అడగలేదు కాబట్టి నేను రాయను, అని ముగించిందట. ఇది మన మధ్యే ఉండనీ అని రిక్షా ఎక్కింది.

సీటు వచ్చినట్టు ఉత్తరం ఎండాకాలం మొదట్లో అందింది. చదివి చెప్పాను. దాదీమా పిల్లను పక్కింటికి మంచు గడ్డ తెమ్మని పంపించి, నన్ను దగ్గరికి పిలిచింది.

"నా కొడుకు రాసే ఖత్తులల్ల చివర నా మోకాళ్ల ముచ్చట ఉంటది. పిల్ల చదువుతది," అంది. "నా కొడుకు పుట్టినకాడికెళ్లి ఎన్నడు నా మోకాళ్ల సంగతి అడగలే. కువైట్ పోయినంక అడుగుతడా? రెండేండ్ల సంది ఇంటున్న. అది పిల్ల మాట."

"మరి ఎందుకు అడగలే దాదీమా?"

"అడిగితే బంద్ చేస్తది గద." చిన్నగా నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. "పదకొండేండ్ల పిల్ల నా దిల్ చూస్కుంటుంది బేటీ. అది పిల్ల చేసే పని గాదు. గాడ దాని ఈడు పిల్లలతోని ఆడాలె, కొట్లాడాలె, లొల్లి చెయ్యాలె. ఈడుంటే నాతోని గుడ ముసల్దైపోతది. పోనీ. నాకు ఎర్కని మాత్రం దానికి చెప్పకు. పోయేదాంక గా రెండు మాటలు ఇంట."

అప్పుడు తెలిసింది నాకు, ఆ జడలు మానేయడమూ, సూదీ దారమూ, వేరే మంచమూ ఏమిటో.

ఆ ఆగస్టులో తండ్రి వచ్చి తీసుకెళ్లాడు. బయల్దేరే పొద్దున నేను వెళ్లేసరికి పిల్ల తానే జడలు వేసుకుని నిలబడి ఉంది. ఒకటి పైకీ ఒకటి కిందికీ వచ్చాయి. దాదీమా పిల్ల తల నిమురుతూ ఆ తేడా వేళ్లతో గుర్తుపట్టింది. చేతులు రెండూ ఆ జడల దగ్గరకు వెళ్లి, అక్కడే ఆగి, మళ్లీ తన ఒళ్లోకి వచ్చేశాయి. మంచిగ ఏసుకున్నవు అంది. పెట్టెలోని పన్నెండు జతల బట్టలకూ పేరు కుట్టి ఉంది, అన్నీ పిల్ల కుట్టినవే.

మొదటి ఏడాది ఆ పిల్లకు కష్టంగానే గడిచింది. ఆ సంగతి నాకు ఇంగ్లీషులో రాసేది, నానమ్మకు చదివి వినిపించమనేది. నేను ఉన్నదున్నట్టే వినిపించాను. దాదీమా విని, రోషం ఉన్నది, బాగైతది అనేది. బాగైంది. నాలుగేళ్లు వరుసగా పెద్ద సెలవులకు పిల్ల మొఘల్‌పురాకే వచ్చింది, కువైట్‌కు వెళ్లలేదు. కొడుకు ఉత్తరాలు ఆ తర్వాత పక్కింటి మౌల్వీసాబ్ చదివేవారు. ఖత్తులు పొట్టిగైనయి అని దాదీమా నాతో ఒక్కసారే అంది. నాలుగో సెలవులు ముగిసిన కొద్ది నెలలకు ఆమె పోయింది. అప్పుడు పిల్ల పరీక్షల్లో ఉంది; పరీక్షలయ్యాకే చెప్పారు. అది మాత్రం తనను చాలాకాలం బాధించిందని తర్వాత నాతో అంది. ఇప్పుడు ఆమెకు అరవై దాటాయి. అక్కడే చెవి సరిగా వినపడని పిల్లలకు వైద్యం చేస్తూ ఉండిపోయింది.

ఇక నేను, ఆ బొల్లారం పెద్దావిడ ఇచ్చిన ధైర్యంతో బి.ఎడ్. చేసి, ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. పిల్లల కాగితాల మీద తప్పు ఉన్నచోట గీత గీసేదాన్నేగాని, వాళ్ల వాక్యం పక్కన నా వాక్యం ఎప్పుడూ రాయలేదు.

ఇప్పటి వసతులు చూసి నాకు కుళ్లు లేదు. ఫోనులో పొద్దుకొకసారి పిల్ల ముఖం చూడగలగడం ఎంత అదృష్టమో, నాలుగేళ్లు తల్లి ముఖం చూడని మనిషి ఒకరు నా పక్కన కూర్చుని చెప్పగా విన్నాను. అయినా ఒక్కటి అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఒక ఉత్తరం వెళ్లడానికి పన్నెండు రోజులు, జవాబు రావడానికి ఇంకో పన్నెండు. ఒక్క దరఖాస్తు తేలడానికి ఏడాది కావచ్చింది. అంత ఆలస్యమా అని మేమంతా విసుక్కునేవాళ్లం. ఆ ఆలస్యంలోనే ఇల్లు మెల్లమెల్లగా ఎడబాటుకు అలవాటు పడేదని అప్పుడు తెలియదు. ఇప్పుడు పొద్దున పంపితే సాయంత్రానికి జవాబు వచ్చేస్తోంది, వారంలో టిక్కెట్లు చేతికొస్తున్నాయి, పిల్లలు సంతోషంగానే విమానం ఎక్కుతున్నారు. వెనక ఉండిపోయేవాళ్లు సిద్ధపడడానికి పట్టే కాలం మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. దాన్ని ఎవరూ తగ్గించలేకపోయారు. అందుకే కాబోలు, పిల్లలు వెళ్లిపోయిన ఇళ్లలోవాళ్లు ఈ రోజుల్లో నెలల తరబడి, ఇంకా ఏదో ఉత్తరం రావలసి ఉన్నవాళ్లలా కనిపిస్తారు నాకు.